హేగ్‌కు ఏ కాగితం మీద పోతున్నవ్?

మా మేనల్లుడికి నెదర్లాండ్స్‌లో జాబ్ ఖాయమైంది, ఊరు హేగ్. సిద్దిపేట నుంచి అక్క ఫోన్ చేసి మొదలు అడిగిన మాట ఏందంటే, "తమ్మీ, ఆ దేశం రాజధాని ఆమ్‌స్టర్‌డామ్ కదరా, మరి వీడేమో పార్లమెంట్ దగ్గర్లనే ఆఫీస్ అంటున్నడు, అసలు ఎటు పోతున్నడు వీడు?" మేనల్లుడి ప్రశ్న ఇంకోటి, "మామా, మా సీనియర్లు ఇద్దరు ఆ ఊర్లనే ఉన్నరు, ఒకామెకు జీతం మీద ట్యాక్సే లేదట, ఇంకొకాయనకు మస్తు కట్ అయితదట, ఒకే ఊరు కదా ఎట్ల?" నేను హేగ్‌లో నాలుగేళ్లు పని చేసి మల్కాజ్‌గిరికి వాపస్ వచ్చిన మనిషిని, ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఫోన్‌లో చెప్పుడు మొదలుపెడితే గంట దాటింది, ఇంకా ఒడవలేదు. ఇంకా చాలామంది పిల్లలు పోతున్నరు, అందుకే రాసి పెడుతున్న.

ముందు అక్క ప్రశ్న. నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామే, 1983 నాటి రాజ్యాంగంలో ఆ మాట రాసే ఉంది, కొత్త రాజు ప్రమాణం చేసేది కూడా అక్కడే. కానీ పార్లమెంట్, ప్రధాని ఆఫీసు, మంత్రిత్వ శాఖలు, సుప్రీంకోర్టు, రాజుగారు పని చేసే ప్యాలెస్, దేశదేశాల ఎంబసీలు, మన ఇండియన్ ఎంబసీతో సహా, ఇవన్నీ హేగ్‌లో. పేరు ఒక ఊరిది, పని ఇంకో ఊరిది. మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు, పదేళ్లు హైదరాబాద్ రెండు రాష్ట్రాలకు రాజధాని అనిపించుకుంది, 2024 జూన్ 2 దాకా, కాగితం మీద ఉండేదానికీ ఫైళ్లు కదిలేదానికీ తేడా చూసినవాళ్లమే.

ఇట్ల ఎందుకైందంటే, 13వ శతాబ్దంలో హాలండ్ ప్రాంతాన్ని ఏలిన కౌంట్లు అక్కడ అడవి పక్కన ఒక కోట లాంటిది కట్టుకున్నరు, ఊరి పాత పేరు స్ఖ్రావెన్‌హాఖె అంటే కూడా కౌంట్ గారి కంచె వేసిన తోట అని, ఇప్పటికీ మున్సిపాలిటీ కాగితాల మీద ఆ పేరు కనబడ్తది, పిల్లలు ఇదేదో వేరే ఊరని కంగారు పడకండి. 16వ శతాబ్దం చివర్లో స్పెయిన్ మీద తిరగబడి ఏడు ప్రాంతాలు కలిసి రిపబ్లిక్ అయినప్పుడు అందరి సమావేశాలు ఎక్కడ పెట్టాలనే పంచాయితీ వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్, డెల్ఫ్ట్ లాంటివి పెద్ద ఊర్లు, గోడలున్న ఊర్లు, ఒకదాన్ని ఎంచుకుంటే మిగతావాటికి మంట. హేగ్‌కు గోడలూ లేవు, నగర హోదా కూడా లేదు, అంటే ఎవరికీ పోటీ కాదు. అందుకే అందరూ ఒప్పుకున్నరు. నగర హోదా వచ్చింది 1806లో, నెపోలియన్ తమ్ముడు లూయీ రాజుగా ఉన్నప్పుడు, తర్వాత ఆయనే రాజధానిని ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చిండు. ఫ్రెంచ్ వాళ్లు పోయినంక ప్రభుత్వం మళ్లీ హేగ్‌లో కుదురుకుంది, రాజధాని అనే పేరు మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరే ఉండిపోయింది.

ఈ "ఎవరికీ పోటీ కాదు" అనే గుణమే ఆ ఊరిని తర్వాత ప్రపంచ దౌత్యానికి పనికొచ్చేలా చేసింది అని నా అభిప్రాయం. 1899లో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పిలుపు మీద మొదటి శాంతి మహాసభ పెట్టినప్పుడు పెద్ద దేశాల రాజధానులు ఏవీ కుదరలేదు, ఏ పక్షానికీ చెందని చిన్న దేశం కావాలి, హేగ్ దొరికింది, 26 దేశాలు వచ్చినయి. 1907 నాటి రెండో సభకు 44. ఆ మొదటి సభ నుంచే పర్మనెంట్ కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ పుట్టింది, దానికి ఇల్లు కావాలని ఆండ్రూ కార్నెగీ 15 లక్షల డాలర్లు ఇస్తే పీస్ ప్యాలెస్ కట్టిన్రు, 1913 ఆగస్టులో తలుపులు తెరిచిన్రు. ఏడాది తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. నేను ఆ బిల్డింగ్ ముందు నుంచి ట్రామ్‌లో రోజూ పోయేవాణ్ణి, ఆ రెండు తేదీలు గుర్తొచ్చినప్పుడల్లా గుండె బరువెక్కేది.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలె. హేగ్ మన ఇండ్లలోకి ఎప్పుడో వచ్చింది, మనకే తెల్వదు. విదేశం పోయే పిల్లల డిగ్రీ సర్టిఫికెట్ వెనక అపోస్టిల్ అని ఒక చదరం స్టిక్కర్ వేయించుకుంటం కదా, దాని మీద ఫ్రెంచ్‌లో ఒక లైన్ ఉంటది, "కోన్‌వాన్సియో ద ల ఏ", 1961 అక్టోబర్ 5 అని. ల ఏ అంటే హేగే. ఆ రోజు హేగ్‌లో కుదిరిన ఒప్పందం వల్లనే ఒక దేశం ముద్రను ఇంకో దేశం ఎంబసీ చుట్టూ తిప్పకుండ నమ్ముతది, ఇండియా విషయంలో ఇది 2005 జూలై నుంచి అమలైంది. ఆ ఒప్పందం వెనకున్న సంస్థను 1893లో మొదలుపెట్టింది టోబియాస్ ఆసర్ అనే డచ్ లాయర్, ఆయనకు 1911లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అమీర్‌పేట్‌లో అటెస్టేషన్ బోర్డులు పెట్టుకున్న షాపులన్నీ ఒక రకంగా ఆయన చలవే.

ఇప్పుడు కోర్టుల గందరగోళం. టీవీలో "హేగ్ కోర్టు" అని ఒక్క మాటలో తేల్చేస్తరు, అవి మూడు వేరే వేరే సంగతులు, ఇది తెలిస్తే వార్తలు సగం అర్థమైతయి. ఇంటర్నేషనల్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ అంటే ఐసీజే, ఐక్యరాజ్యసమితిది, పీస్ ప్యాలెస్‌లో ఉంటది, దేశం మీద దేశం వేసే కేసులు మాత్రమే. 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ల పదవి. పాకిస్తాన్ గూఢచారి అని పట్టుకుని మరణశిక్ష వేసిన మన కుల్‌భూషణ్ జాదవ్ కేసు ఇక్కడిదే, ఇండియా వర్సెస్ పాకిస్తాన్, 2019 జూలై 17న 15-1 తేడాతో మనకు అనుకూలంగా వచ్చింది. ఆ తీర్పు ఆయన్ను వదిలేయమని కాదు, ఆయనకు మన కాన్సులర్ అధికారులను కలవనియ్యలేదు కాబట్టి శిక్షను మళ్లీ సమీక్షించాలని. మనోళ్లు చాలామంది విడుదల అని అనుకున్నరు, అందుకే ఇంత విడమరిచి చెప్తున్న. మన నాగేంద్ర సింగ్ 1985 నుంచి 88 దాకా ఈ కోర్టుకు ప్రెసిడెంట్.

రెండోది ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్ట్, ఐసీసీ. ఇది దేశాల మీద కాదు మనుషుల మీద కేసులు నడుపుతది, జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు ఇట్లాంటివి. 2002 జూలైలో మొదలైంది, ఐక్యరాజ్యసమితిలో భాగం కాదు, ఇండియా దీంట్లో చేరలేదు. సముద్రం దగ్గరి ఇసుక దిబ్బల పక్కన కొత్త బిల్డింగ్‌లో ఉంటది, నిందితులను ఉంచే జైలు స్ఖేవెనింగెన్‌లో, బీచ్‌కు దూరమేం కాదు. 2025 మార్చిలో ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తెను తెచ్చింది అక్కడికే.

మూడోది పైన చెప్పిన ఆర్బిట్రేషన్ కోర్టు, ఇది కోర్టు అనే పేరే గానీ నిజానికి రెండు పక్షాలు మధ్యవర్తులను ఎంచుకునే ఏర్పాటు. ఐసీజే ఉన్న ప్యాలెస్‌లోనే ఉంటది కాబట్టి ఇంకా కలగలిసిపోతది. కేరళ తీరంలో 2012లో ఇటలీ మెరైన్లు ఇద్దరు జాలర్లను కాల్చి చంపిన కేసు చివరికి ఈ గొడుగు కిందికే వచ్చింది, 2020లో తీర్పు, విచారించే హక్కు మన కోర్టులకు లేదన్నరు, ఇటలీ నష్టపరిహారం కట్టాలన్నరు, అది 10 కోట్లు అయింది. ఆ ట్రిబ్యునల్‌లో ఇండియా తరఫు మధ్యవర్తి ముందు పి.చంద్రశేఖరరావు, ఆయన 2018లో పోయినంక పెమ్మరాజు శ్రీనివాసరావు. ఇద్దరూ తెలుగువాళ్లే. చంద్రశేఖరరావు అంతకుముందు హాంబర్గ్‌లో ఉండే సముద్ర చట్టాల ట్రిబ్యునల్‌కు ప్రెసిడెంట్‌గా కూడా చేసిన మనిషి. మన లా కాలేజీ పిల్లలకు ఈ రెండు పేర్లు చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నరో గానీ, చెప్పాలె.

సరే, మేనల్లుడి ప్రశ్నకు వస్త. ఒకే ఊర్లో ఒకరికి ట్యాక్స్ లేకపోవుడు, ఇంకొకరికి ఉండుడు ఎట్ల అంటే, హేగ్‌లో ఉద్యోగం అంటే మూడు వేరే లోకాలు, ఏ కాగితం మీద లోపలికి పోయినవో అదే నీ ఊరు. మొదటిది డచ్ ప్రభుత్వం, మంత్రిత్వ శాఖలు, అది డచ్ భాషలో నడిచే లోకం, కొత్తగా వచ్చినోళ్లకు దాదాపు తలుపు మూసినట్టే. రెండోది అంతర్జాతీయ సంస్థలు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువ పొరపాటు పడ్తరు, హేగ్‌లో యూరోపోల్ అనే యూరప్ పోలీసు సంస్థ ఉంది కదా సైబర్ సెక్యూరిటీలో అప్లై చేస్త అని మా జూనియర్ ఒకడు మూడు నెలలు ప్రిపేర్ అయిండు, అది యూరోపియన్ యూనియన్ పౌరులకే, ప్రాసిక్యూటర్ల సంస్థ యూరోజస్ట్ కూడా అంతే. అక్కడే ఉన్న నాటో టెక్నాలజీ ఏజెన్సీ నాటో దేశాల వాళ్లకే. ఐసీసీలో సభ్య దేశాల వాళ్లకు ముందు, మనం సభ్యులం కాదు. మనకు నిజంగా తెరిచి ఉన్నవి ఐసీజే రిజిస్ట్రీ లాంటి ఐక్యరాజ్యసమితివి, ఇంకా ఓపీసీడబ్ల్యూ, అంటే రసాయన ఆయుధాలను నిషేధించే సంస్థ. 1997 నుంచి ఉంది, 2013లో నోబెల్ శాంతి బహుమతి దానికే, ఇండియా మొదటి నుంచి సభ్యదేశం, 2009 కల్లా తన నిల్వలన్నీ నాశనం చేసి చూపించింది. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు, పటాన్‌చెరు జీడిమెట్ల ఫ్యాక్టరీలలో పని చేసినోళ్లకు ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాల పేజీ అప్పుడప్పుడు చూడుమని నేను అందరికీ చెప్త. ఎవ్వరూ చూడరు, ఐటీ తప్ప ఇంకో లోకం ఉన్నట్టే అనిపించదు మన దగ్గర.

ఈ సంస్థల్లో పని చేసేటోళ్లకు సంస్థ ఇచ్చే జీతం మీద డచ్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, వాళ్ల ఐడీ కార్డు విదేశాంగ శాఖ ఇస్తది. సీనియర్ ఆమె సంగతి ఇదే. కానీ దానికి ఇంకో పక్క కూడా ఉంది, ఆ కార్డు మీద గడిపిన ఏళ్లు డచ్ పౌరసత్వానికి కావాల్సిన మామూలు అయిదేళ్ల లెక్కలో పడవు. పక్కింట్ల ఉండే ఐటీ ఉద్యోగికి పడతయి. ట్రామ్ ఒక్కటే, బీచ్ ఒక్కటే, గడియారాలు మాత్రం వేరే వేరే తిరుగుతయి.

మూడో లోకం మన పిల్లలది, కంపెనీల లోకం. ఇక్కడ కూడా రెండు కాగితాలు ఉన్నయి, మేనల్లుడికి అసలు విడమరిచి చెప్పింది ఇదే. ఒకటి కెన్నిస్‌మిఖ్రాంట్, నైపుణ్య వలసదారు పర్మిట్. ఇమిగ్రేషన్ శాఖ దగ్గర గుర్తింపు ఉన్న కంపెనీ మాత్రమే దీనికి పిలవొచ్చు, నువ్వు అక్కడి కంపెనీ ఉద్యోగివి, 2025లో కనీస జీతం నెలకు 5,688 యూరోలు ఉండె, 30 ఏళ్ల లోపు వాళ్లకు 4,171, ఎనిమిది శాతం హాలిడే అలవెన్స్ కలపకుండ. అప్లికేషన్ పెట్టే రోజుకు వయసు ఎంత అనేదే లెక్క, మా వాడికి 29, అందుకే తొందర పెడుతున్న. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేందుకు మూడు నెలల టైమ్ ఉంటది. భార్యకో భర్తకో వేరే పర్మిట్ లేకుండ ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంటది, ఇది చాలా పెద్ద సంగతి, అమెరికాలో హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఏళ్లకేళ్లు ఇంట్ల కూర్చున్న మన ఆడపిల్లలను చూసినోళ్లకు దీని విలువ తెలుస్తది.

రెండోది ఐసీటీ, మన ఇక్కడి కంపెనీ తన బ్రాంచికి పంపే పర్మిట్. పేరోల్ ఎక్కువగా ఇండియాదే, మూడేళ్లు గరిష్టం, తర్వాత వాపస్ రావాలె. పీఎఫ్ ఆఫీస్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ అని ఒకటి తీసుకుపోతే అక్కడ పెన్షన్ కంట్రిబ్యూషన్ కట్టక్కర్లేదు, రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. చేతికి కొంచెం ఎక్కువ వస్తది, సంతోషమే. కానీ అటు వైపు డచ్ ప్రభుత్వ పెన్షన్, ఏఓడబ్ల్యూ అంటరు, అది జమ కాదు. కెన్నిస్‌మిఖ్రాంట్‌కు ఆ దేశంలో ఉన్న ఒక్కో ఏడాదికి పూర్తి పెన్షన్‌లో 2 శాతం చొప్పున హక్కు జమ అయితది. నాకు నాలుగేళ్లకు 8 శాతం. పెద్ద మొత్తం కాదు, కానీ నాది. వాపస్ వచ్చినోళ్లలో పది మందిని అడిగితే ఎనిమిది మందికి ఈ సంగతే తెల్వదు.

30 శాతం రూలింగ్ గురించి అందరూ అడుగుతరు. బయటి దేశం నుంచి పిలిపించుకున్న ఉద్యోగి జీతంలో 30 శాతం దాకా ట్యాక్స్ లేకుండ ఇయ్యొచ్చు, అయిదేళ్లు. దీనికి కంపెనీ, నువ్వు కలిసి అప్లై చేయాలె, చేరిన నాలుగు నెలల లోపు చేస్తేనే మొదటి రోజు నుంచి వర్తిస్తది. 2025లో ట్యాక్స్ పడే జీతం ఏడాదికి 46,660 యూరోలు దాటాల్సి ఉండె, 30 లోపు ఉండి మాస్టర్స్ ఉంటే 35,468. 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతది. ఆఫర్ లెటర్‌లో కంపెనీ వాళ్లు ఈ రూలింగ్ కలిపి చేతికొచ్చే మొత్తం చూపిస్తరు, అయిదేళ్ల తర్వాత అది లేకుండ ఎంత అనేది నువ్వే లెక్క వేసుకో, ఇల్లు కొన్నంక ఆ నెల వస్తే చాలా కష్టంగా ఉంటది. ఒకే ఆఫీసులో ఒకే పని చేసే డచ్ కొలీగ్‌కు ఈ మినహాయింపు లేదు, వాళ్లు దాని గురించి బయటికి అనరు గానీ మనసులో ఉంటది, పార్లమెంట్‌లో ప్రతి రెండేళ్లకూ దీన్ని తగ్గించాలని ఎందుకు పంచాయితీ అయితదో అర్థం చేసుకోవాలె, వాళ్ల వైపు న్యాయం కూడా లేకపోలేదు.

ఇల్లు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్త, నేను దెబ్బ తిన్నది ఇక్కడే. నేను పోయిన కొత్తలో ఒక రూమ్ దొరికింది, ఓనర్ మంచిగనే మాట్లాడిండు, అడ్వాన్స్ కట్టినంక చెప్పిండు, "ఈ అడ్రస్ మీద మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్ చేసుకోవద్దు" అని. నేను సరే ఏముందిలే అనుకున్న. రిజిస్ట్రేషన్ లేకపోతే బీఎస్ఎన్ అనే పౌర నంబర్ రాదు, అది లేకపోతే బ్యాంక్ అకౌంట్ కష్టం, హెల్త్ ఇన్సూరెన్స్ ఆగుతది, డిజీడీ అనే ఆన్‌లైన్ లాగిన్ రాదు, అది లేకపోతే ప్రభుత్వంతో ఏ పనీ కాదు. ఒక్క అడ్రస్ లేక మొదటి జీతం ఆరు వారాలు ఇరుక్కుపోయింది, అమ్మకు మందులకు డబ్బులు పంపలేకపోయిన, ఆ నెల ఇప్పటికీ మర్చిపోలే. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు అద్దె ఎంత అని అడిగే ముందు రిజిస్ట్రేషన్ ఇస్తవా అని అడుగు. వద్దు అంటే ఎంత మంచి ఇల్లయినా దండం పెట్టి బయటికి వచ్చేయ్.

అక్కడ అద్దెకు ఒక పాయింట్ల పద్ధతి ఉంటది. గది విస్తీర్ణం, వంటగది, ఎనర్జీ లేబుల్, ఇట్ల ఒక్కోదానికి పాయింట్లు, మొత్తాన్ని బట్టి గరిష్ట అద్దె. ఇది ముందు ప్రభుత్వ రేటు ఇండ్లకే ఉండేది, 2024 జూలై 1 నుంచి 186 పాయింట్ల దాకా మధ్య తరగతి ఇండ్లకు కూడా పెట్టిన్రు. అద్దె ఎక్కువ తీసుకుంటున్నరని అనిపిస్తే హ్యూర్‌కమిసీ అనే అద్దెల కమిషన్‌కు పోవచ్చు, డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు, ఓనర్ పెట్టుకున్న ఏజెంట్‌కు నువ్వు కమిషన్ కట్టక్కర్లేదు. చట్టం కిరాయిదారు వైపే ఉంది, మన దగ్గర ఇట్లాంటిది ఊహించుకోలేం. కానీ దీనివల్లనే చాలామంది ఓనర్లు అద్దెకు ఇచ్చుడు మానేసి ఇండ్లు అమ్మేసుకున్నరు, కాబట్టి చట్టం బాగుంది, ఇల్లు మాత్రం దొరకదు. అద్దెకు మూడింతల జీతం ఉండాలని అడుగుడు మామూలు. మొదటి రెండు నెలలకు కంపెనీ ఇల్లు చూపిస్తదా అని ఆఫర్ మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలె, జీతంలో వంద యూరోలు పెంచమని అడిగే బదులు ఇది అడిగితే ఎక్కువ మేలు.

ఏ ఏరియా అంటే, ఆ ఊర్లో ఒక పాత సామెత లాంటి విభజన ఉంది, ఇసుక మీద వాళ్లు, బురద మీద వాళ్లు అని. సముద్రం వైపు పాత ఇసుక దిబ్బల మీద కట్టిన నేల పొడిగా గట్టిగా ఉంటది, అక్కడ డబ్బున్నోళ్లు, ఎంబసీలు, స్టాటెన్‌క్వార్టియర్, బెనోర్డెన్‌హౌట్ లాంటివి. లోపలి వైపు చెమ్మ నేల మీద కార్మికుల బస్తీలు, స్ఖిల్డర్స్‌వైక్, ట్రాన్స్‌వాల్. నేల స్వభావం మనుషుల తాహతును వందల ఏళ్లు నిర్ణయించింది, రాళ్ల మీద జూబ్లీహిల్స్, మూసీ ఒడ్డున బస్తీలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. మన కుటుంబాలు ఎక్కువగా ఈపెన్‌బుర్ఖ్, లైడ్‌స్ఖెన్‌వేన్ లాంటి కొత్త కాలనీలలో ఉంటయి, ఇండ్లు కొత్తవి, స్కూల్ దగ్గర, సముద్రం మాత్రం దూరం.

సముద్రం సంగతి. సెంటర్ నుంచి ట్రామ్‌లో పావుగంట ఇరవై నిమిషాలు, స్ఖేవెనింగెన్ బీచ్. వైజాగ్ బీచ్ అనుకుని పోకు, అది ఉత్తర సముద్రం, ఎండాకాలంలో కూడా నీళ్లు చల్లగా ఉంటయి, గాలి మనిషిని నెట్టేస్తది, గొడుగు అక్కడ పనికిరాదు, టోపీ ఉన్న జాకెట్ కావాలె. జూన్‌లో రాత్రి పదింటికి సూర్యుడు మునుగుతడు, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆ నవంబర్, డిసెంబర్, జనవరి మన పిల్లలకు చాలా బరువైన నెలలు, ఒక్కరే ఉంటే మరీ, ఇది సిగ్గుపడే సంగతి కాదు, ముందే తెలుసుకుని మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో బయటికి పోయి వెలుతురులో నడవాలె. ఇంకొకటి, నల్లా నీళ్లు మంచిగ తాగొచ్చు, నది నీళ్లను తెచ్చి ఆ ఇసుక దిబ్బల్లోకి ఇంకించి, ఇసుకే వడగట్టినంక తీసి ఊరికి ఇస్తరు. ఆ దిబ్బల్లో నడిచేటప్పుడు కనిపించే చెరువులు అవే.

డాక్టర్ విషయంలో మనోళ్లు అందరూ కోపానికి వస్తరు. నేరుగా స్పెషలిస్ట్ దగ్గరికి పోలేవు, ముందు హౌసార్ట్స్ అనే ఫ్యామిలీ డాక్టర్, ఆయన జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని నీళ్లు తాగమంటడు. ఇన్సూరెన్స్ తప్పనిసరి, నెలకు 150 యూరోల పైనే, దాని మీద ఏడాదికి మొదటి 385 యూరోలు నీ జేబులోంచే, అయితే ఫ్యామిలీ డాక్టర్‌ను కలవడానికి ఆ 385 తగలదు. అక్కడికి చేరిన మొదటి వారంలోనే ఇంటి దగ్గరి డాక్టర్ దగ్గర పేరు రాయించుకో, జ్వరం వచ్చినంక వెతికితే చాలా చోట్ల కొత్త పేషెంట్లను తీసుకోరు.

తిండికి భయం లేదు, హాగ్సె మార్క్‌ట్ ఉంది, ట్రాన్స్‌వాల్ పక్కన, సోమ, బుధ, శుక్ర, శని. బెండకాయలు, కాకరకాయలు, మెంతికూర, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతయి. ఎందుకు దొరుకుతయంటే ఆ ఊర్లో సూరినామ్ హిందుస్తానీలు వేల మంది ఉంటరు. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడ కూలీలను తీసుకుని సూరినామ్‌కు పోయింది, డచ్ వాళ్ల చెరుకు తోటలకు, బానిసత్వం రద్దయినంక పని చేసేటోళ్లు లేక. ఎక్కువమంది బిహార్, తూర్పు యూపీ వాళ్లు. 1975లో సూరినామ్‌కు స్వాతంత్య్రం వచ్చినప్పుడు వాళ్ల పిల్లలు, మనవలు చాలామంది నెదర్లాండ్స్‌కు వచ్చేసిన్రు. వాళ్ల భాష సర్నామీ, భోజ్‌పురి లెక్క ఉంటది. మార్కెట్‌లో ఒక పెద్దమ్మ దగ్గర నేను బెండకాయలు కొనేవాణ్ణి, నా హైదరాబాదీ హిందీ, ఆమె సర్నామీ, సగం సగం అర్థమయ్యేది, ఒకరోజు "నీ ఊరు కలకత్తాకు ఎంత దూరం?" అని అడిగింది. ఆమె లెక్కలో ఇండియా అంటే ఓడ ఎక్కిన రేవు. రైలులో ఒక రోజు పైన అని చెప్పిన. ఇంకో పిడికెడు బెండకాయలు వేసి పంపింది.

తెలుగువాళ్లకు ఆ ఊర్లో ఇంకో చుట్టరికం ఉంది, ఇది చాలామందికి తెల్వదు. సెంట్రల్ స్టేషన్ పక్కనే జాతీయ ఆర్కైవ్స్, డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాలు అందులో ఉన్నయి, 2003లో యునెస్కో గుర్తింపు వచ్చినవి. ఆ కంపెనీ 1600ల మొదట్లనే మచిలీపట్నంలో దిగింది, గోల్కొండ సుల్తాన్ దగ్గర అనుమతి తీసుకుని, తర్వాత భీమునిపట్నం, నర్సాపురం, పాలకొల్లు. కుతుబ్‌షాహీల కాలం నాటి మన బట్టల ధరలు, నీలిమందు లెక్కలు, గోల్కొండ నుంచి వాళ్ల ఉద్యోగులు రాసిన ఉత్తరాలు అక్కడ ఉన్నయి, చూసుడు ఫ్రీ, చదువుదామంటే పాత డచ్ చేతిరాత రావాలె. మన యూనివర్సిటీ పిల్లలలో ఒక్కరైనా ఆ భాష నేర్చుకుని ఆ పెట్టెలు తెరవాలని నాకు చాలా కోరిక.

ఇంత చెప్పినంక మేనల్లుడు అడిగిండు, "మామా, అయితే ముందు నేనేం చేయాలె?" నేను అడిగిన, "నీ బర్త్ సర్టిఫికెట్ ఉందా?" లేదు, టెన్త్ మెమో ఉంది అన్నడు. ఇదే మన అసలు ముడి. మన దగ్గర పుట్టిన తేదీకి టెన్త్ మెమో చాలు, బ్యాంక్, పాస్‌పోర్ట్, పెళ్లి అన్నీ దాంతోనే అయితయి. హేగ్ మున్సిపాలిటీ కౌంటర్‌లో అడిగేది అపోస్టిల్ వేసిన బర్త్ సర్టిఫికెట్. పెళ్లయినోళ్లకైతే రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా, గుడిలో ఇచ్చిన రసీదు నడవదు. అపోస్టిల్ కావాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్ట్ చేయాలె, తర్వాత విదేశాంగ శాఖ స్టిక్కర్, అది హైదరాబాద్‌లోనే అయిపోతది, ఢిల్లీ పోవాల్సిన పని లేదు, కానీ వారాలు పడ్తది.

పేరు గొడవ ఇంకోటి. మన మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, ఒకే లైన్‌లో. పాస్‌పోర్ట్‌లో కొంతమందికి సర్‌నేమ్ గడి ఖాళీ, కొంతమందికి ఇంటిపేరు ఒట్టి అక్షరమే. అక్కడ ఒకసారి సిస్టమ్‌లోకి ఎట్ల ఎక్కితే ట్యాక్స్, బ్యాంక్, ఇన్సూరెన్స్ అన్నింట్ల అదే, తర్వాత మార్చుడు నరకం. కాబట్టి టికెట్ కొనే ముందు మూడు కాగితాల మీద పేరు అక్షరం అక్షరం ఒకటే ఉందా చూసుకోవాలె, పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, డిగ్రీ. తేడా ఉంటే ఇక్కడే, ఇప్పుడే సరి చేసుకోవాలె.

మా అక్క పాత ట్రంక్ పెట్టె అంతా వెతికి ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన చీటీ ఒకటి పట్టుకుంది, పుట్టుక రిజిస్టర్ అయింది గానీ పేరు దగ్గర ఏమీ లేదు, తండ్రి పేరు మాత్రం ఉంది, జిల్లా మెదక్ అని ఉంది. ఇప్పుడు సిద్దిపేటే జిల్లా. రేపు పొద్దున ముగ్గురం మున్సిపల్ ఆఫీసుకు పోతున్నం, టెన్త్ మెమో, ఆధార్, ఆ చీటీ, ఫోల్డర్‌లో పెట్టుకుని.